లేకపోతే ఏం జరిగేది? — నవలలో పాఠకుడి చెయ్యి

1

నవలమీద అధికారం రచయితదా, పాఠకుడిదా అన్న తగాదా మళ్లీ తలెత్తింది. కంప్యూటర్ తెరమీద, సెల్‌ఫోన్‌లో చదివే ఒక రకం నవల దీనికి కారణం. అందులో మలుపు వచ్చినచోటల్లా కథ ఆగుతుంది. నాయిక ఉత్తరం చించాలా, దాచాలా? కార్మికుడు సమ్మెలో చేరాలా, పనిలోకి పోవాలా? పాఠకుడు ఏదో ఒకటి ఎంచుకుంటాడు, కథ ఆ దారిన పోతుంది. దీన్ని ఇంటరాక్టివ్ నవల అంటున్నారు. ఈ వ్యాసంలో మనం ఎంపికల నవల అందాం. దీన్ని మెచ్చుకునేవాళ్లు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: రచయిత నిరంకుశత్వం పోయింది, పాఠకుడికి స్వేచ్ఛ వచ్చింది.

మాట వినసొంపుగానే వుంది. కాని చరిత్ర దీన్ని బలపరచదు. వినేవాడు కథలో పాలుపంచుకోవటం నిన్నమొన్నటి సంగతి కాదు. బేతాళ కథలనే తీసుకోండి. ప్రతి కథ చివరా బేతాళుడు ఒక ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగిలిపోతుంది. చెబితే మౌనభంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. అంటే వినేవాడు నోరు విప్పితేనే తర్వాతి కథ పుడుతుంది. పాఠకుడి భాగస్వామ్యం అన్నది ఇంతకంటే స్పష్టంగా ఎక్కడుంది? అయినా విక్రమార్కుడికి స్వేచ్ఛ వుందని ఎవరూ అనరు. అతడు మాట్లాడినా చిక్కే, మాట్లాడకపోయినా చిక్కే. ప్రశ్న వేసే అధికారం బేతాళుడిది.

కాబట్టి పాఠకుడు ఎంచుకుంటున్నాడా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఏయే దారుల మధ్య ఎంచుకోమన్నారు, ఆ దారులు ఎవరు వేశారు, ఎంచుకున్నదానికి ఫలితం వుందా — ఇవీ ప్రశ్నలు.

మామూలు నవల రాసేవాడికి ఒక సౌకర్యం వుంది. అతడు జరిగింది మాత్రమే రాస్తాడు. రైతు పొలం అమ్ముకుని పట్నం పోయాడని రాస్తే, అమ్ముకోకపోతే ఏమయ్యేదో రాయనక్కరలేదు. సమర్థుడైతే ఆ అమ్మకం తప్పనిసరి అని మనకు తోచేటట్లు చేస్తాడు. అసమర్థుడైతే ఆ లోపాన్ని భాషతోనో, కన్నీళ్లతోనో కప్పిపుచ్చుతాడు. ఎంపికల నవల రాసేవాడికి ఈ అవకాశం లేదు. పొలం అమ్మినా, అమ్మకపోయినా, రెండు దారులూ అతడే రాయాలి. లేకపోతే ఏం జరిగేది అన్న ప్రశ్నకు కాగితంమీద జవాబు చెప్పాలి. ఆ జవాబులో, లోకం ఏ కారణాలచేత నడుస్తున్నదని అతడు నమ్ముతున్నాడో నగ్నంగా బయటపడుతుంది. ఈ ప్రక్రియలోని అసలైన కష్టం ఇదే. దీని విలువ కూడా ఇదే. గత 180 సంవత్సరాల్లో ఈ కష్టాన్ని ఎవరెవరు ఎట్లా ఎదుర్కొన్నారో, ఎవరు తప్పించుకున్నారో చూద్దాం.

2

1842 జూన్ 19న పారిస్ దినపత్రిక "జుర్నాల్ దె దెబా" యూజెన్ సూ నవల "పారిస్ రహస్యాలు" ప్రచురణ మొదలుపెట్టింది. అది 1843 అక్టోబరు 15 దాకా సాగింది. పత్రిక కార్మికులది కాదు. లూయీ ఫిలిప్ ప్రభుత్వానికి అండగా నిలిచిన సంపన్నుల పత్రిక. సూ కూడా కార్మికుడు కాదు. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, తండ్రి ఆస్తి చేతికి రాగానే దాన్ని విలాసాలకింద కరిగించినవాడు. దొంగలు, హంతకులు, వేశ్యలు నివసించే సందుల్ని పెద్దమనుషులకు వినోదంగా చూపించటమే అతడి తొలి వుద్దేశం.

కాని దినపత్రికలో వచ్చే నవలకు పుస్తకానికి లేని గుణం ఒకటి వుంది. కథ ముగియకముందే పాఠకుడు జవాబు చెప్పగలడు. కాఫీ దుకాణాల్లో, అద్దె పుస్తకశాలల్లో ఈ నవలకోసం జనం ఎగబడ్డారు. చదువురానివాళ్లు చదివించుకుని విన్నారు. సూకు వుత్తరాలు వెల్లువెత్తాయి. వాటిలో 400 పైచిలుకు ఈనాటికీ మిగిలివున్నాయి. కొందరు పాత్రలు నిజంగా బతికే వున్నారనుకుని సహాయం అర్థించారు. కొందరు తమ బతుకులు వివరించారు. మరికొందరు న్యాయస్థానాల ఖర్చులగురించీ, జైళ్లగురించీ, తాకట్టు దుకాణాలగురించీ సమాచారం అందించారు. "లా రూష్ పొప్యులేర్" అనే కార్మికుల పత్రికను సూ నవలలోనే పేర్కొన్నాడు. వినోదంగా మొదలైన రచనలోకి పేదల కష్టాలు, సంస్కరణల ప్రతిపాదనలు వచ్చి చేరాయి. రచయిత కథను నడిపిస్తుంటే, వుత్తరాలు రచయితను నడిపించాయి.

ఇంతవరకు ఇది పాఠకుడి విజయమే. కాని ఆ విజయానికి హద్దు ఎక్కడుందో కనిపెట్టినవాడు 26 ఏళ్ల మార్క్స్. 1845లో మార్క్స్, ఎంగెల్స్ కలిసి ప్రచురించిన "పవిత్ర కుటుంబం"లో ఈ నవలమీద సుదీర్ఘమైన విమర్శ వుంది. ఈ నవలను ఆకాశానికెత్తిన ఒక జర్మన్ విమర్శకుణ్ణి ఖండించే సందర్భంలో మార్క్స్ నవలనే విప్పి చూపించాడు. నవలానాయకుడు రోడోల్ఫ్ ఒక జర్మన్ సంస్థానాధిపతి. మారువేషంలో పారిస్ సందుల్లో తిరుగుతూ మంచివాళ్లకు వరాలిస్తాడు, చెడ్డవాళ్లను శిక్షిస్తాడు. ఫ్లోర్ ద మరీ అనే అమ్మాయి మొదట కనిపించినప్పుడు మురికిసందులో వున్నా ఉత్సాహంగా, ధైర్యంగా, మనిషిలా వుంటుంది. రోడోల్ఫ్ ఆమెను వుద్ధరించి మతగురువు చేతికి అప్పగిస్తాడు. అక్కడ ఆమె తాను పాపినని నేర్చుకుంటుంది. పశ్చాత్తాపంతో కుంగి, సన్యాసినియై, చనిపోతుంది. వుద్ధరణ పేరుతో ఒక సజీవమైన మనిషిని ముందు పాపభీతిగా, తర్వాత శవంగా మార్చారని మార్క్స్ చూపించాడు. రోడోల్ఫ్ ప్రతిపాదించే పేదల బ్యాంకును లెక్కలువేసి మరీ ఎండగట్టాడు.

ఇక్కడ మన విషయానికి కావలసింది ఇది. వుత్తరాలు నవలలోకి కొత్త వస్తువును తెచ్చాయి. కాని కార్యకారణ సంబంధాన్ని మార్చలేకపోయాయి. రత్నాలు సానబట్టే మొరెల్ కుటుంబం అటకమీద పస్తులుండటాన్ని నవలలో రాయించగలిగారు. ఆ కుటుంబం కష్టం ఎట్లా తీరాలి అన్నచోట మాత్రం దొరగారి దయ తప్ప రచయితకు ఇంకో దారి తోచలేదు. కథలోకి పాఠకుడికి ప్రవేశం దొరికింది. మలుపు దగ్గర మాత్రం దొర నిలబడివున్నాడు.

అయినా అధికారంలో వున్నవాళ్లు ఈ రాకపోకల్ని తేలిగ్గా తీసుకోలేదు. సూ క్రమంగా సోషలిస్టయ్యాడు. 1850 ఏప్రిల్‌లో పారిస్‌నుంచి శాసనసభకు ఎన్నికయ్యాడు. వెంటనే మే 31న ప్రభుత్వం కొత్త చట్టంతో దాదాపు 30 లక్షల మంది ఓటు హక్కు తీసేసింది. జూలైలో వచ్చిన పత్రికాచట్టం, సీరియల్ నవల వేసే పత్రికలమీద ప్రతికి ఒక సాంతీము చొప్పున అదనపు పన్ను వేసింది. నవలమీద ప్రత్యేకంగా పన్ను! పాఠకులు, రచయిత ఒకరినొకరు మార్చుకోవటం పాలకవర్గానికి ఎంత భయం కలిగించిందో చెప్పటానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. 1851 డిసెంబరు కుట్ర తర్వాత సూ దేశం విడిచిపోయాడు. 1857లో ప్రవాసంలోనే చనిపోయాడు.

ఇంగ్లండులో డికెన్స్‌కూ ఈ అనుభవం వుంది. "డేవిడ్ కాపర్‌ఫీల్డ్" నెలవారీ భాగాలుగా వస్తున్నప్పుడు, అందులోని మరుగుజ్జు పాత్ర తనను చూసి గీసిందేనని పొరుగున వుండే ఒక స్త్రీ బాధపడుతూ రాసింది. డికెన్స్ ఆ పాత్రను తర్వాతి భాగాల్లో మంచిదానిగా మార్చాడు. ఇది న్యాయమైన మార్పు. "గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్" (1860-61) ముగింపును మాత్రం సాటి నవలాకారుడు బుల్వర్ లిటన్ సలహామీద మార్చాడు. విడిపోవలసిన ఇద్దరినీ కలిసే అవకాశంతో వదిలాడు. పాత ముగింపు ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్ర ద్వారా లోకానికి తెలిసింది. ఆనాటినుంచీ ఈ రెండింటిలో ఏది నిజమైన ముగింపు అని చర్చ సాగుతూనే వుంది. ఒకే కథకు రెండు ముగింపులుంటే రెండూ నిజం కాలేవా? నిజం కావాలంటే ముగింపు ఒక్కటి మారితే చాలదని 1930లో ఒక నాటకం చెప్పింది.

3

1930లో, సముద్రానికి అటూ ఇటూ, రెండు రచనలు వచ్చాయి. ఎంపికల సాహిత్యంలోని రెండు దారులూ వీటిలో కనిపిస్తాయి.

మొదటిది న్యూయార్క్‌లో అచ్చయిన "కన్సిడర్ ది కాన్సిక్వెన్సెస్" అనే పుస్తకం. డోరిస్ వెబ్‌స్టర్, మేరీ ఆల్డెన్ హాప్కిన్స్ అనే ఇద్దరు స్త్రీలు కలిసి రాశారు. హెలెన్ అనే అమ్మాయి, ఆమెను కోరుకునే ఇద్దరు యువకులు — వీళ్ల జీవితాలు పాఠకుడి నిర్ణయాన్నిబట్టి నడుస్తాయి. మలుపు దగ్గర ఫలానా భాగానికి పొమ్మని సూచన వుంటుంది. ఈనాటి ఎంపికల నవలకు కావలసిన యంత్రాంగమంతా ఇందులో వుంది. ఇది సరదాకోసం చేసిన పుస్తకం. అయినా ఒక ఆడపిల్ల ఎవర్ని పెళ్లాడుతుందన్నదాన్నిబట్టి ఆమె జీవితమంతా తలకిందులవుతుందన్న కఠిన సత్యం ఆ సరదాలోనే ఇమిడివుంది.

రెండవది బెర్లిన్‌లో బ్రెహ్ట్ రచించి, కుర్ట్ వైల్ సంగీతం సమకూర్చిన పాఠశాల నాటకం "అవునన్నవాడు". మూలం జపాను నో నాటకం. జబ్బుపడిన తల్లికి మందు తేవటానికి ఒక పిల్లవాడు గురువుతో, ఇతర విద్యార్థులతో కొండలు దాటి బయలుదేరతాడు. దారిలో వాడికే జబ్బుచేస్తుంది. అట్లాంటివాణ్ణి లోయలో పడవేసి ముందుకు పోవటం ప్రాచీనాచారం. నీకు సమ్మతమేనా అని అడగటం కూడా ఆచారమే. అవును అనటమూ ఆచారమే. పిల్లవాడు అవునంటాడు.

బెర్లిన్‌లోని నాయ్‌కోల్న్ అనే శ్రామికవాడలో కార్ల్ మార్క్స్ పాఠశాల వుండేది. అక్కడి విద్యార్థులు ఈ నాటకాన్ని చర్చించి గట్టి అభ్యంతరాలు చెప్పారు. ఆ పిల్లవాడు చావవలసిన అవసరం వాళ్లకు కనిపించలేదు. బ్రెహ్ట్ నొచ్చుకోలేదు, దబాయించలేదు. నాటకాన్ని రెండు రకాలుగా రాశాడు. ఒకదానిలో, "కాదన్నవాడు"లో, పిల్లవాడు కాదంటాడు. ఆచారంలో తనకు అర్థం కనిపించలేదనీ, ప్రతి కొత్త పరిస్థితిలోనూ కొత్తగా ఆలోచించటమే మనకు కావలసిన ఆచారమనీ వాదిస్తాడు. అందరూ వెనక్కు తిరుగుతారు. రెండవదానిలో పిల్లవాడు అవుననే అంటాడు, కాని పరిస్థితి వేరు. ఇప్పుడు జబ్బు తల్లి ఒక్కదానిది కాదు, వూరంతా అంటువ్యాధి. ప్రయాణం చదువుకోసం కాదు, వూరికి మందు తేవటంకోసం. ఆలస్యమైతే జనం చస్తారు. ఈ రెండు నాటకాల్నీ కలిపి ప్రదర్శించాలని బ్రెహ్ట్ కోరాడు. విద్యార్థుల అభిప్రాయాల్ని కూడా వాటితోబాటు అచ్చువేశాడు.

ఎంపికల నవల రాసేవాళ్లు ఈ సంఘటనను ఎంత లోతుగా ఆలోచించినా తక్కువే. బ్రెహ్ట్ ఒకే కథకు రెండు తోకలు తగిలించలేదు. జవాబు మారాలంటే పరిస్థితి మారాలని గ్రహించాడు. ఏ పరిస్థితిలో అవును సబబు, ఏ పరిస్థితిలో కాదు సబబు అన్న విచారణలోకి ప్రేక్షకుణ్ణి దింపాడు. పాఠశాల పిల్లలకు అతడిచ్చినది ఎంపిక కాదు, ఎదురుమాట. ఎంపిక అంటే రచయిత ముందే వేసిపెట్టిన దారుల్లో ఒకటి తీసుకోవటం. ఎదురుమాట అంటే అసలు ఇట్లా దారులు వెయ్యటమే తప్పు అనగలగటం.

బ్రెజిల్ నాటకకర్త అగస్తో బోల్ ఈ ఎదురుమాటను మరికొంత ముందుకు తీసుకుపోయాడు. 1971లో సైనిక ప్రభుత్వం అతణ్ణి నిర్బంధించింది. తర్వాత దేశం విడిచి, 1973లో పెరూలో అక్షరాస్యతా కార్యక్రమంతో కలిసి పనిచేస్తూ ఫోరం నాటకానికి రూపమిచ్చాడు. అన్యాయం జరుగుతున్న దృశ్యం దగ్గర ప్రేక్షకుడు నాటకాన్ని ఆపి, తానే రంగస్థలం ఎక్కి, బాధితుడి స్థానంలో నిలబడి వేరే విధంగా ప్రవర్తిస్తాడు. మిగతా నటులు అతడికి లొంగిపోరు. యజమాని పాత్రధారి నిజమైన యజమాని ఏం చేస్తాడో అదే చేస్తాడు. ప్రేక్షకుడి ధైర్యం ఒక్కటే చాలదనీ, అవతలివాడి బలం ఎంతో లెక్కగట్టాలనీ ఆ ప్రతిఘటనలో తేలుతుంది. మన దేశంలో పశ్చిమ బెంగాల్ పల్లెల్లో జనసంస్కృతి బృందం 1985నుంచీ ఈ పద్ధతిలో పనిచేస్తున్నది.

4

నాటకంలో నటులు అప్పటికప్పుడు చేసే ఈ పనిని నవలాకారుడు ఒంటరిగా, ముందుగా చెయ్యాలి. అందులోని కష్టాలు వివరంగా చూడాలి.

మొదటిది లెక్కల కష్టం. ప్రతి మలుపు దగ్గరా రెండే దారులనుకుందాం. కథలో పదే మలుపులనుకుందాం. ముగింపులు 1,024 అవుతాయి. మొత్తం రాయవలసిన భాగాలు 2,047. ఒక్కొక్కటి 250 మాటలైనా రచయిత 5 లక్షల మాటల పైన రాయాలి. పాఠకుడు ఒకసారి చదివేటప్పుడు వాటిలో 11 భాగాలు, అంటే 2,750 మాటలు మాత్రమే చూస్తాడు. భారతమంత రాసి కథానికంత చదివించటమన్నమాట.

దీన్ని తప్పించుకోవటానికి రచయితలు రెండు వుపాయాలు పన్నారు. ఒకటి, చాలా దారుల్ని తొందరగా చావుతో ముగించటం. రెండు, విడిపోయిన దారుల్ని మళ్లీ ఒకచోట కలిపెయ్యటం. అమెరికాలో న్యాయవాది అయిన ఎడ్వర్డ్ పాకార్డ్ తన కూతుళ్లకు కథలు చెబుతూ కనిపెట్టిన పద్ధతిలో "షుగర్‌కేన్ ఐలండ్" (1976) రాశాడు. 1979నుంచి "చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్" అనే పేరుతో పెద్ద ప్రచురణసంస్థ ఈ పుస్తకాల్ని వరసగా తెచ్చింది. ప్రపంచంలో 25 కోట్ల ప్రతులు అమ్మామని ప్రచురణకర్తలు చెప్పుకున్నారు. పిల్లలు వీటిని ఇష్టపడి చదివారు, అందులో తప్పులేదు. కాని ఈ రెండు వుపాయాల లోపమూ వాటిలో కనిపిస్తుంది. చావు చవక అవుతుంది. కలిసిపోయే దారుల్లో నిర్ణయానికి విలువ వుండదు. ఎటు పోయినా అదే గుమ్మం దగ్గర తేలితే, ఎన్నికలు జరిపి ఫలితం ముందే నిర్ణయించినట్లుంటుంది.

పాకార్డ్‌కు ఈ సంగతి తెలియకపోలేదు. 1982లో వచ్చిన "ఇన్‌సైడ్ యూఎఫ్ఓ 54-40"లో అల్టిమా అనే సుఖధామం వుంది. ఏ ఎంపిక చేసినా అక్కడికి చేరలేరు. సూచనల్ని పక్కనపెట్టి పేజీలు తిప్పేవాడికి మాత్రమే అది దొరుకుతుంది. ఇచ్చిన దారుల్లో విముక్తి లేదనీ, నియమాన్ని ధిక్కరించాలనీ పిల్లల పుస్తకంలో చెప్పినవాణ్ణి మెచ్చుకోవలసిందే.

రెండవది పాత్రచిత్రణ కష్టం. ఒకే మనిషిని పాఠకుడు ఒక దారిలో వీరుడిగా, ఇంకో దారిలో పిరికివాడిగా నడిపించగలిగితే ఇక ఆ మనిషికి స్వభావం ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు వాస్తవికతలోనే వుంది. ఎవరికైనా అన్ని దారులూ తెరిచివుండవు. వర్గం, కులం, లింగం, డబ్బు, కాలం కొన్నింటిని మూసివేస్తాయి. "కన్యాశుల్కం"లోని బుచ్చమ్మను తీసుకోండి. ఎవరైనా ఆ కథను ఎంపికల నవలగా రాసి, బుచ్చమ్మ ఇల్లు విడవాలా వద్దా అని పాఠకుణ్ణి అడిగారనుకుందాం. విడవాలి అని వొత్తటం ఈనాటి పాఠకుడికి చాలా తేలిక. కాని రచయిత తర్వాతి పేజీ రాయాలి. ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంది? తిండి ఎవరు పెట్టారు? చేతిలో ఎంత డబ్బుంది? గురజాడ నాటకంలో ఆమెకు ఇల్లు దాటే దారి గిరీశం రూపంలో దొరకటం యాదృచ్ఛికం కాదు. వితంతువుకు దొరికే ఒకే ఒక తలుపు దగ్గర మోసగాడు నిలబడివుండటమే ఆనాటి సమాజం. ఆ ఒక్క తలుపునూ రెండు తలుపులుగా చూపించే రచయిత పాఠకుడికి స్వేచ్ఛ ఇచ్చినట్లు కాదు, బుచ్చమ్మ గురించి అబద్ధం చెప్పినట్లు.

మూడవది రూపానికి సంబంధించిన కష్టం. పేజీల వరస చెదరగొట్టటమే గొప్ప అనుకునేవాళ్లున్నారు. 1962లో ఫ్రాన్సులో మార్క్ సపోర్తా కుట్టని 150 పేజీలను పెట్టెలో పెట్టి, పేకలా కలిపి చదువుకోమన్నాడు. 1969లో ఇంగ్లండులో బి.ఎస్. జాన్సన్ "ది అన్‌ఫార్చునేట్స్" అనే నవలను 27 విడి భాగాలుగా పెట్టెలో ఇచ్చాడు. మొదటిది, చివరిది తప్ప మిగతా 25 ఏ వరసలోనైనా చదవవచ్చు. రెండూ పెట్టెలే, కాని తేడా వుంది. జాన్సన్ కథలో ఫుట్‌బాల్ ఆట గురించి రాయటానికి ఒక వూరు పోయిన పత్రికారచయితకు, అదే వూళ్లో తనకు పరిచయమై కేన్సర్‌తో చనిపోయిన మిత్రుడు గుర్తుకొస్తాడు. దుఃఖంలో జ్ఞాపకాలు వరసగా రావు. ఇక్కడ చెదిరిన రూపాన్ని వస్తువే కోరింది. సపోర్తా దగ్గర పేక ముందు, కథ తర్వాత.

వీళ్ల మధ్య నిలబడేవాడు అర్జెంటీనా రచయిత హులియో కొర్తాసర్. 1963లో వచ్చిన అతడి "రయువెల" — అంటే తొక్కుడుబిళ్ల — లో 155 అధ్యాయాలున్నాయి. 1నుంచి 56 వరకు వరసగా చదివి ఆపేయవచ్చు. లేదా పట్టిక ప్రకారం 73వ అధ్యాయంతో మొదలుపెట్టి గెంతుతూ పోవచ్చు. ఈ రెండవ దారి చివర 131నుంచి 58కి, 58నుంచి 131కి పంపుతుంది. పాఠకుడు గానుగెద్దులా అక్కడే తిరుగుతాడు. తనతోబాటు శ్రమపడే పాఠకుడు కావాలని కొర్తాసర్ కోరుకున్నాడు. ఆ కోరిక మంచిదే. కాని ఏ శ్రమా పడని పాఠకుణ్ణి అతడు "ఆడ పాఠకుడు" అన్నాడు. పాఠకుణ్ణి విముక్తుణ్ణి చేస్తానన్నవాడు పాఠకుల్లో సగంమందిని కించపరిచాడు. తర్వాత అందుకు క్షమాపణ చెప్పుకున్నాడు. రూపంలో విప్లవం వచ్చినంతమాత్రాన భావాల్లో వచ్చినట్లు కాదనటానికి ఇదొక గుర్తు.

5

కంప్యూటర్ వచ్చాక లెక్కల కష్టం కొంత తగ్గింది. పాఠకుడు వెనక ఏం చేశాడో యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. దారులు కలిసినా, పాత నిర్ణయం ఫలితం తర్వాత ఎక్కడో కనిపించేటట్లు చెయ్యవచ్చు.

ఈ రకంలో పేరుపడ్డ మొదటి రచన "అడ్వెంచర్". విల్ క్రౌథర్ 1970ల మధ్యలో దీన్ని తయారుచేశాడు. అతడు ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ నిర్మాణంలో పనిచేసినవాడు. దానికి డబ్బు పెట్టింది అమెరికా రక్షణ శాఖ. విడాకుల తర్వాత తన పిల్లలకు వినోదంగా వుంటుందని, తాను స్వయంగా తిరిగి పటం గీసిన కెంటకీ గుహల్ని మాటల్లో వర్ణించాడు. పాఠకుడు ఉత్తరానికి పొమ్మని టైపుచేస్తే కథ అటు పోతుంది. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. గుహలో నిధులు ఏరుకోవటమే ఇతివృత్తం. దీని సంతతిలో చాలాభాగం ఆ గుహలోనే వుండిపోయింది.

బయటికి వచ్చినవాటిలో 1985 నాటి "ఎ మైండ్ ఫరెవర్ వాయేజింగ్" చెప్పుకోదగ్గది. రచయిత స్టీవ్ మెరెట్స్కీ రీగన్ విధానాలను వ్యతిరేకించినవాడు. పన్నులు తగ్గించి, ఆంక్షలు ఎత్తివేసే ఒక ప్రభుత్వ ప్రణాళిక అమలైతే ఒక చిన్న నగరం పదేళ్లకోసారి ఎట్లా మారుతుందో పాఠకుడు తిరిగి చూస్తాడు. వీధులు అవే, ఇల్లు అదే. ఒక్కొక్క దశాబ్దంలో బతుకు ఒక్కొక్క మెట్టు దిగజారుతుంది. ఇందులో పాఠకుడు చేసే సాహసాలు దాదాపు లేవు. చూడటం, సాక్ష్యం సేకరించటమే పని. అయినా లేకపోతే ఏం జరిగేది అన్న ప్రశ్నను ఒక వ్యక్తి అదృష్టానికి కాక ఒక ప్రభుత్వ విధానానికి సంధించటంలో దీని గొప్పతనం వుంది.

1987లో మైకేల్ జాయిస్ "ఆఫ్టర్‌నూన్, ఎ స్టోరీ" అనే రచనను 539 భాగాలుగా, 900 పైచిలుకు లంకెలతో కూర్చాడు. పొద్దున తాను దారిలో చూసిన ప్రమాదంలో చనిపోయింది తన కొడుకేనేమోనని ఒక తండ్రికి అనుమానం. ఆ సత్యాన్ని చూడటానికి అతడికి ధైర్యం చాలదు. పాఠకుడూ దాని చుట్టూ తిరుగుతూ వుంటాడు. ఇక్కడ తిరుగుడు ఆట కాదు, ఒక మనిషి తప్పించుకు తిరగటం. 2009లో క్రిస్ క్లైమాస్ ట్వైన్ అనే వుచిత సాధనం తెచ్చాక, ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా ఈ నవలలు రాయగలిగారు. దానితో తయారైన "డిప్రెషన్ క్వెస్ట్" (2013)లో ఒక చిన్న విషయం చాలా విలువైనది. తెరమీద దారులు కనిపిస్తాయి, కాని కొన్నింటిమీద గీత కొట్టివుంటుంది. మానసిక వ్యాధితో కుంగినవాడికి లేచి స్నేహితుల దగ్గరకు పోవటం అనే దారి కనిపిస్తుంది, అందదు. బుచ్చమ్మ గురించి మనం అడిగిన ప్రశ్నకు ఇక్కడొక సాంకేతిక సమాధానం వుంది. లేని దారిని వున్నట్లు చూపవద్దు. మూసిన దారిని మూసినట్లే చూపించు. ఎవరు మూశారో చెప్పు.

అదే కాలంలో పెట్టుబడి ఈ రూపాన్ని ఎట్లా వాడుకున్నదో కూడా చూడాలి. 2018 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ "బాండర్‌స్నాచ్" అనే ఎంపికల చిత్రాన్ని విడుదల చేసింది. ప్రేక్షకులు ఏయే మలుపుల దగ్గర ఏం ఎంచుకున్నారో కంపెనీ దాచిపెట్టుకుంటున్నట్లు 2019లో తేలింది. అదే సంవత్సరం, "చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్" అనే మాట తమ ట్రేడ్‌మార్కు అంటూ దాని యజమానులు నెట్‌ఫ్లిక్స్‌మీద దావా వేశారు. 2020లో రాజీ కుదిరింది. నీ దారి నువ్వే ఎంచుకో అన్న వాక్యం ఒకరి ఆస్తి. నువ్వు ఎంచుకున్న దారి ఇంకొకరి ఖాతాలో సరుకు. సూకు వచ్చిన వుత్తరాలు రచయితను మార్చాయి. ఈ ఎంపికలు కంపెనీ ఖాతాను మాత్రమే పెంచాయి.

6

తెలుగు నవలకూ ఈ చరిత్రతో సంబంధం లేకపోలేదు. మన నవల కూడా పత్రికలోనే పుట్టింది. కందుకూరి "రాజశేఖర చరిత్రము" 1878లో "వివేకవర్ధని"లో భాగాలుగా వచ్చింది. ఆ తర్వాత వారపత్రికల సీరియళ్లలో పాఠకుడి వుత్తరానికి ఎంత బలం వుండేదో, అమ్మకాలు బాగున్నన్నాళ్లూ కథ ఎట్లా సాగేదో అందరికీ తెలిసిందే. ఈనాడు ప్రతిలిపివంటి వేదికల్లో తెలుగు ధారావాహికలకు ప్రతి భాగం కిందా పాఠకులు అభిప్రాయాలు రాస్తున్నారు. సూ కాలంలో వుత్తరానికి పట్టే రోజులు ఇప్పుడు నిమిషాలయ్యాయి. అందువల్ల ప్రలోభమూ పెరిగింది. పాఠకుడు ఏడిస్తే నాయికను బతికించటం, అతడికి విసుగుపుడితే కొత్త విలన్‌ను దింపటం పాఠకుణ్ణి గౌరవించటం కాదు. అతణ్ణి కొనుగోలుదారుగా లెక్కించటం.

పాఠకుణ్ణి గౌరవించే పద్ధతి మన దగ్గరే ఒకటుంది. బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా ఇద్దరుంటారు. ఒకడిది హాస్యం, ఇంకొకడిది రాజకీయం. కథ సాగుతుండగా వాళ్లు అడ్డు తగులుతారు, ప్రశ్నిస్తారు, నాటి కథను నేటి సంగతికి ముడిపెడతారు. 1943లో ఏర్పడ్డ ప్రజానాట్యమండలి కాలంలో, నాజర్ వంటి కళాకారుల చేతిలో, ఈ అడ్డుప్రశ్న ఎంత పదునుదేరిందో తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. వినేవాడి నాలుక చివర వున్న ప్రశ్నను వంతపాటగాడు పైకి అంటాడు. కథకుడు దానికి జవాబు చెప్పి తీరాలి. ఇది ఎంపిక కాదు. ఎదురుమాటకు కథలోనే ఏర్పాటుచేసిన స్థానం. తెలుగులో ఎంపికల నవల రాయబోయే యువరచయితలు పరాయి గుహల్లో నిధులు వెదికేముందు ఈ వంతపాటగాడి దగ్గర కొంత నేర్చుకోవచ్చు.

ఎంపికల నవల నవలకు ప్రత్యామ్నాయం కాదు. అది ఆడుకునే వస్తువు మాత్రమేననీ కొట్టివెయ్యలేం. అది నవలాకారుడికి ఒక పరీక్ష. రైతు పొలం అమ్మకపోతే ఏమయ్యేదో రాయమంటుంది. అప్పు ఎక్కడ పుడుతుందో, వడ్డీ ఎంతో, వాన పడకపోతే ఎవరి గుమ్మం తొక్కుతాడో తెలియనివాడు ఆ రెండో దారి రాయలేడు. తెలియకుండా రాస్తే, సూ తన దొరను పిలిచినట్లే, ఎవరో ఒక వుద్ధారకుణ్ణి పిలవకతప్పదు. రాయగలిగినవాడు మాత్రం మామూలు నవలాకారుడు చెయ్యలేని ఒక పని చేస్తాడు. జరిగింది జరగక తప్పనిదేనా, ఏది మారివుంటే అది జరగకపోయేది అన్న ప్రశ్నను పాఠకుడు తన చేతులతో తడిమి చూసుకునేటట్లు చేస్తాడు.

నాయ్‌కోల్న్ పాఠశాల పిల్లలు అడిగింది ఈ ప్రశ్నే. రచయిత దగ్గర రెండో ముగింపు వుందా అని వాళ్లు అడగలేదు. ఆ ఆచారం ఎందుకుండాలి అని అడిగారు. అట్లా అడిగే పాఠకుణ్ణి తయారుచెయ్యగలిగిన నవలలో దారులు ఎన్ని వున్నా సరే, ఒక్కటే వున్నా సరే.